మా చేతి కూడు

ప్రేమవిందు అనే మాటను మా సంఘాల్లో చానా తేలిగ్గా వాడేస్తా ఉండారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం - యాడ చర్చి పండగ జరిగినా కరపత్రంలో ఆ మాటే. కింద ‘చుట్టుపక్కల వారందరికీ ఆహ్వానం’. వచ్చినోళ్ళు ఎవరు వండింది తింటారయ్యా అని అడిగితే మాత్రం పాస్టరయ్యలకు కోపం.

ఈ మాటకు చరిత్ర ఉండాది. 1850లో మద్రాసు మిషనరీలు కూడి, తక్కువ కులమోళ్ళు వండింది తినననేవాడు కులం విడిచినట్టు కాదని తీర్మానించినారు. కూడే పరీక్ష. 1853లో మొదలైన ఆర్కాటు మిషన్ మదనపల్లె, పుంగనూరు దాకా వచ్చింది. 1947లో దాని సంఘాలు సి.ఎస్.ఐ.లో కలిసినాయి. మిషన్లు పోయినాయి, పరీక్ష తలకిందులైంది.

ఎట్లాగంటే, కొన్నేండ్ల కిందట మా పల్లె సంఘంలో క్రిస్మస్‌కు కమిటీ కూర్చుంది. ఊరి పెద్దలొస్తారు గాబట్టి మా ఆడోళ్ళు వంట చెయ్యకూడదంట. బయట్నించి పైకులం వంటాయన రావాలంట. పెద్దకూర వాసన కూడా రాకూడదంట. నలభై ఏండ్లు సంగటి గెలికిన మా అమ్మను ఉల్లిగడ్డలు కూడా తరగనీలేదు. ఎంగిలాకులెత్తేదానికి మాత్రం పిలిచినారు.

అంత చేస్తే పెద్దలేం చేసినారు? తలా ఒక అరటిపండు, ఒక కూల్‌డ్రింకు సీసా తీసుకుని, “షుగరుండాదప్పా” అని, మైకులో మనమంతా ఒకటేనని చెప్పి పోయినారు. వంటాయన కులం కూడా అక్కరకు రాలేదు. నేల మాలపల్లెది గదా! పక్కవీధి దూదేకులోళ్ళు, ఎరుకలోళ్ళు పిల్లాజెల్లాతో వచ్చి, బంతిలో కూర్చుని, మారు పెట్టించుకుని తిన్నారు. చర్చి గోడమీది ఫోటోలో వాళ్ళు లేరు. అరటిపండు పెద్దలే ఉండారు.

ఊరినొకదాన్నే తిడితే సరిపోదు. మాల సంఘం, మాదిగ సంఘం అని మాలో మేమే గోడ కట్టుకున్నాం. ఆదివారం ఒకే రొట్టె విరుస్తాం, మద్దేనం సంగటి ఎవరింట్లో వాళ్ళం.

సర్కారు లెక్క ఇంకో తీరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులమంటే హిందువే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపినారు. మమ్మల్ని కలపలేదు. కాయితంలో మేం బీసీ-సి. కూటికాడ మాత్రం ఊరికి మా కులం ఎప్పుడూ మతికే ఉంటాది.

సహపంక్తి భోజనాలతో కులం చావదని అంబేడ్కరు 1936లోనే చెప్పినాడు గదా, ఇంకా విందుల గోలేంది అంటారు చదువుకునే పిల్లోళ్ళు. నిజమే. కానీ 1927లో మహాడ్ చెరువు నీళ్ళు ఆయన దప్పికై తాగలేదు. మా అమ్మ చేతిని దాచిపెట్టి పెట్టే కూడు సహపంక్తి కూడా కాదు, కులానికి మనమే కట్టే కప్పం.

వచ్చే కోతపండగకు కమిటీ ముందర మా పట్టు ఇది. వంట మా ఆడోళ్ళది, కుండలు మావి, ఏం వండినామో కరపత్రంలోనే అచ్చేయాల. బంతిలో కూర్చుని తిననోనికి మైకు ఇవ్వకూడదు.