దిండు కింద తుపాకీ ధైర్యమిస్తుందా?

పాత కుట్టుమిషను కొనాలంటేనే నలుగురిని అడుగుతాం. చక్రం తిప్పి చూస్తాం, గుడ్డముక్క పెట్టి కుట్టు వేసి చూస్తాం. మరి పాత రివాల్వరు కొనాలంటే?

నవ్వకండి. ఇది సినిమాల్లో ప్రశ్న కాదు. నందిగామ, జగ్గయ్యపేట వైపు పత్తి, మిర్చి వ్యాపారాలున్న ఇళ్ళున్నాయి. హైదరాబాదు-విజయవాడ రహదారి పక్కన, ఊరికి దూరంగా కట్టుకున్న ఇళ్ళున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో మిగిలేది ఒక్క ఆడమనిషి. పక్క వీధిలో దొంగలు పడ్డారంటే ఆ రాత్రి ఆమెకు కునుకు పట్టదు. సరిగ్గా అప్పుడే బంధువొకాయన వచ్చి, "అక్కయ్యా! తెలిసినవాళ్ళు రివాల్వరు అమ్మేస్తున్నారు. లైసెన్సు తీసుకుని దగ్గర పెట్టుకో, ధైర్యంగా ఉంటుంది" అంటాడు.

"ఆడదానికి తుపాకీ ఏమిటి?" అని ఈసడించేవాళ్ళతో నేను ఏకీభవించను. లైసెన్సు విషయంలో చట్టం ఆడా మగా తేడా చూడలేదు. ఒంటరిగా ఉన్న మనిషి భయం అబద్ధమూ కాదు. అయితే ఆ భయానికి ఈ మందు పనిచేస్తుందా అన్నదే ఆలోచించాలి.

ముందు చట్టం సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ముందు, ఆయుధం తర్వాత. పోలీసు విచారణ జరుగుతుంది. ఆయుధం ఎందుకు కావాలో చెప్పాలి. 2016 నిబంధనల ప్రకారం దాన్ని జాగ్రత్తగా వాడటంలో శిక్షణ పొందాలి. అమ్మేవాళ్ళు కూడా ఎవరికి అమ్మదలచుకున్నారో అధికారులకు రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు ఆగాలి. "ముందు తీసుకెళ్ళమ్మా, కాగితాలు తర్వాత చూసుకుందాం" అన్నారంటే ఆ మాట దగ్గరే బేరం ఆపెయ్యండి. 2019 సవరణ తర్వాత, లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ దాకా జైలు.

ఇక సరుకు సంగతి. .455 బోరు తూటాలు పట్టే పాత విదేశీ రివాల్వర్లు నిషిద్ధ తరగతిలోకి వస్తాయి. మామూలు లైసెన్సుకు అవి కుదరవు. మామూలుగా జనం కొనేది .32 బోరు. పాతదైతే గొట్టం లోపల తుప్పు తినేసి ఉండొచ్చు. తూటాలు పెట్టే సిలిండరు వదులై, గొట్టానికి సరిగ్గా ఎదురు రాకపోవచ్చు. అప్పుడు దెబ్బ తగిలేది దొంగకు కాదు, కాల్చిన చేతికే. పైకి నిగనిగలాడుతోందని మురిసిపోయే వస్తువు కాదిది. లైసెన్సున్న డీలరు దగ్గర, తెలిసినవాళ్ళతో చూపించాల్సిందే. దాని మీది నంబరు, కాగితాల్లోని నంబరు ఒకటేనా అని కూడా చూడాలి.

పోనీ కొత్తదే కొంటే? ఢిల్లీలో 2012 డిసెంబరులో జరిగిన ఘోరం తర్వాత, 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారం ఆడవాళ్ళ కోసమంటూ 'నిర్భీక్' అనే రివాల్వరు తెచ్చింది. అరకిలో బరువు, హ్యాండ్‌బ్యాగులో పట్టేస్తుంది. అప్పట్లో దాని ధర లక్షా ఇరవై రెండు వేల రూపాయల పైచిలుకు! ఆ డబ్బు పెట్టగల ఆడవాళ్ళెంతమంది? పొద్దున్నే మిరప కోతకు ఆటో ఎక్కే కూలితల్లికి భయం లేదా?

డబ్బు, కాగితాలు, శిక్షణ అన్నీ కుదిరాయనే అనుకుందాం. అర్ధరాత్రి పెరటి తలుపు చప్పుడైంది. రివాల్వరు ఎక్కడుంది? బుద్ధిగా తాళం వేసి, తూటాలు విడిగా పెడితే, నిద్రకళ్ళతో తాళంచెవి వెతికి, తూటాలు నింపి, చీకట్లో గురి చూసేలోగా జరిగేది జరిగిపోతుంది. పోనీ తూటాలు నింపి దిండు కిందే ఉంచితే, వేసవి సెలవులకొచ్చిన మనవడి చేతికి అదో బొమ్మ! ఇక కాల్చాక మాటేమిటి? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా ఆత్మరక్షణ హక్కు ఇచ్చింది. కానీ అవసరానికి మించి హాని చెయ్యకూడదంది. గోడ దూకి పారిపోతున్నవాడి వీపు మీద కాల్చి ఆత్మరక్షణ అంటే కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోదు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇంకొకటుంది. లైసెన్సు ఆవిడ పేరున, బీరువా తాళంచెవి మటుకు ఆయన జేబులో! ఎన్ని పొలాలు, ఎన్ని షాపులు ఇలా ఆడవాళ్ళ పేరున ఉండి మగవాళ్ళ పెత్తనంలో లేవు? రివాల్వరూ అంతే అయితే? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 18-49 ఏళ్ళ వివాహితల్లో నూటికి సుమారు 30 మంది భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. 2022లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కాలిఫోర్నియా కుటుంబాలను పరిశీలించి ఒక సంగతి చెప్పారు. ఇంట్లో ఇంకొకరికి చేతి తుపాకీ ఉంటే, దానితో కలిసి బతికేవాళ్ళు జీవిత భాగస్వామి చేతిలో కాల్పులకు బలయ్యే ముప్పు ఏడు రెట్లు ఎక్కువట. అలా బలైనవాళ్ళలో నూటికి 84 మంది ఆడవాళ్ళే! ఆ దేశం వేరు, మన దేశం వేరు, నిజమే. కానీ తాగి వచ్చినవాడి కోపం ఏ దేశంలోనైనా కోపమే. చెయ్యెత్తే మొగుడున్న ఇంట్లోకి తుపాకీ తెచ్చుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. అప్పులతో, పంట నష్టంతో కుమిలిపోతున్న మనిషున్న ఇంట్లోనూ అంతే. ఆ ఒక్క క్షణం దాటితే బతికేవాళ్ళు తుపాకీ అందుబాటులో ఉంటే బతకరు.

భర్త పోయాక ఆయన రివాల్వరు బీరువాలో మిగిలిపోయిన ఇల్లాళ్ళకు ఒక మాట. జ్ఞాపకంగా ఉంచుకుందామని చీరల కింద దాచకండి. ఆయన లైసెన్సు మీకు వర్తించదు. ఆలస్యం చెయ్యకుండా పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోండి. వారసులకు కావాలంటే లైసెన్సు తెచ్చుకుని తీసుకోవచ్చు. లేదంటే లైసెన్సున్నవాళ్ళకు పద్ధతి ప్రకారం అమ్ముకోవచ్చు.

మరి కొనాలా, వద్దా? ఫలానావాళ్ళ వల్ల ప్రాణానికి ముప్పుందని తెలిసి, శిక్షణ తీసుకుని, తాళంచెవి తన ఒక్కదాని దగ్గరే ఉంచుకోగల ఆడమనిషి కొంటానంటే అడ్డుచెప్పడానికి మనమెవరం? ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా వద్దనే నా అభిప్రాయం. ఆ డబ్బుతో పెరటికి ఇనుప గ్రిల్లు, వాకిట్లో మంచి లైటు పెట్టించండి. బంగారం బ్యాంకు లాకరుకు చేర్చండి. ఒక్క కేకకు వచ్చే ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళతో మంచిగా ఉండండి. 112 నంబరు ఇంట్లో అందరికీ కంఠతా రావాలి.

ఇక రివాల్వరు కొనిపెడతానని మీ మేలుకోరి వచ్చిన ఆ బంధువుని ఒక్క మాట అడగండి: "తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది తమ్ముడూ?" ఆయన చెప్పే జవాబులోనే మీకు కావలసిన సలహా ఉంటుంది.