ఆయాసానికి మార్కులు

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానివి, ఊపిరితిత్తుల్లో రక్తపుగడ్డలతో నీకేం పని అని అడిగేవాళ్ళున్నారు. అడగనివ్వండి. పాఠంలో ఎవరి గొంతు లేదో వెతకడమే నా చదువు. ఈసారి నా ముందున్న పాఠం ఒక మార్కుల పట్టిక.

కోనసీమలో మా పిన్ని కూతురు, 31 ఏళ్ళు, సిజేరియన్ అయిన తొమ్మిదో రోజున "అక్కా, ఊపిరి అందట్లేదే" అంది. బాలింత అని మంచం దిగనివ్వలేదు, వాతం చేస్తుందని నీళ్ళు కొలిచి ఇచ్చారు. (మా పిన్నిని తిట్టుకోకండి, ఆవిడకీ అలాగే ఇచ్చారు.) ఆపరేషన్ చేసినచోట "తొలి కాన్పు కదమ్మా, కంగారు" అని నిద్రమాత్ర రాసి పంపించేశారు. మర్నాడు రాజమండ్రి తీసుకెళ్ళి సి.టి. తీయిస్తే ఊపిరితిత్తుల ధమనిలో గడ్డ. నాడి 118, ఆక్సిజన్ 91. అయినా "లో రిస్కేనండీ" అన్నారు.

ఎలా తేల్చారు? "పెసి" అనే లెక్కతో. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల రికార్డుల నుంచి తయారైంది. నెలరోజుల్లో మరణించే ప్రమాదం ఎంతో చెబుతుంది. వయసెంతో అన్ని మార్కులు, మగవాడైతే 10, క్యాన్సరుంటే 30, నాడి 110 చేరితే 20. మా చెల్లికి 31కి 20 కలిపితే 51. 65 లోపు మొదటి తరగతి, అంటే అతి తక్కువ ప్రమాదం. మగవాళ్ళకి పది ఎక్కువెందుకని నేను పోట్లాడను, ఆ లెక్క అంకెల నుంచే వచ్చింది. నా తగాదా వేరు. తొమ్మిది రోజుల బాలింత, పొట్ట కోసిన మనిషి అన్న సంగతికి అందులో ఒక్క మార్కూ లేదు. ఇలాంటి పరిశోధనల్లో చాలావాటిలో గర్భిణుల్ని ముందే పక్కన పెట్టేస్తారు. పక్కన పెట్టినవాళ్ళని కొలవడానికి అదే బద్ద!

2010లో దీన్నే ఆరు ప్రశ్నలకి కుదించారు. అందులో నాడి 110 చేరితే ఒక మార్కు, ఒక్కటొచ్చినా తక్కువ ప్రమాదం కిందకి రాదు. ఒకే మనిషి, ఒకే పూట, ఒక కాగితం మీద క్షేమం, ఇంకో కాగితం మీద కాదు. మార్కులు తక్కువైనా గుండె కుడి జఠరిక ఎలా ఉందో చూడమని 2019 నాటి యూరప్ హృద్రోగ నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ ఎకో కోసం మా పిన్ని గొడవపడాల్సి వచ్చింది. జఠరిక ఉబ్బి ఉంది. అప్పుడు ఐ.సి.యు.లోకి మార్చారు.

2011లో నెదర్లాండ్స్ వాళ్ళు వాడిన "హెస్టియా" ప్రశ్నల్లో గర్భవతా అని ఉంది, ఇంట్లో చూసుకునే దిక్కుందా అన్న సంగతీ ఉంది. అడగాలనుకుంటే అడగొచ్చన్నమాట.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లు. గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దీనికి అదనం. కోత పడ్డాక కొన్ని వారాలపాటు గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుందని ప్రతి డాక్టరుకీ తెలుసు. కాలు వాస్తే, ఆయాసం వస్తే వెంటనే రమ్మని తెలుగులో నాలుగు ముక్కలు రాసి బాలింత చేతిలో ఎందుకు పెట్టరు? బిల్లు మాత్రం వివరంగానే ఇస్తారు కదా.

ప్రసవవేదన మీద మనం చాలా కవిత్వం రాసుకున్నాం. తర్వాతి ఆరు వారాల మీద ఏం రాశాం?

చెల్లి ఇప్పుడు తిరుగుతోంది, బిడ్డకి పాలిస్తోంది. మొదటి ఆసుపత్రి చీటీలో "ఆందోళన" అని ఒకే మాట ఉంది. దాన్ని పారేయనివ్వడం లేదు.