ముహూర్తాలు లేని నెలలో...

మా వీధి చివరింటి కుర్రాడు ఆ మధ్య బెంజి సర్కిల్ దగ్గర కనిపించాడు. భుజాన కెమెరా బ్యాగు, మొహంలో దిగులు. స్టూడియోలో ఉద్యోగం మానేసి, సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకోవడం మొదలుపెట్టి మూడేళ్లయింది.

'పని బాగానే ఉందటగా?' అన్నాను.

'ఉంది బాబాయ్. కొత్త కెమెరాకి లోన్ అడిగితే బ్యాంకువాళ్లు రెండేళ్ల రిటర్నులు తెమ్మన్నారు. నేనసలు వేస్తేగా!'

వేస్తే పన్ను కట్టమంటారని భయమట. ఆ భయమే అతని కొంప ముంచింది.

పెళ్లికి లక్ష రూపాయలు మాట్లాడుకుంటే లక్షా మన సంపాదన కాదు. రెండో కెమెరా అతనికీ, డ్రోన్ అతనికీ, ఎడిటింగుకీ, ఆల్బమ్‌కీ పోగా మిగిలేదే ఆదాయం. ఆ ఖర్చులకు కాగితాలుండాలి. పద్దులు రాయడం కష్టమనుకునే చిన్న వ్యాపారులకు చట్టంలో ఓ వెసులుబాటుంది. బ్యాంకు ద్వారా వచ్చిన వసూళ్లపై కనీసం 6 శాతం, నగదుపై 8 శాతం లాభంగా చూపొచ్చు. అసలు లాభం అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపాలి. మన పని ఏ కోవలోకి వస్తుందో ఆడిటర్‌ని ఒక్కసారి అడగడం మంచిది.

ఉన్నది ఉన్నట్టు చూపితే నష్టమేమిటి? 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే పడదు. పైగా కాలేజీలూ కంపెనీలూ మన బిల్లులో కోసుకునే టీడీఎస్ రిటర్న్ వేస్తేనే వెనక్కి వస్తుంది. జీఎస్టీ సంగతి వేరు. అక్కడ చూసేది లాభాన్ని కాదు, వసూళ్లని. ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు.

ఇంకో మాట. అడ్వాన్సు చేతికొచ్చినా పని పూర్తయ్యేదాకా అది పెళ్లివారి డబ్బే. దాంతో లెన్సు కొనేస్తే, పెళ్లి వాయిదా పడిన రోజున అప్పు చెయ్యాలి. దానికో బ్యాంకు ఖాతా విడిగా ఉంటే నిశ్చింత.

మరి పని ఎక్కడ దొరుకుతుంది? మన కృష్ణా జిల్లాల్లో పెళ్లిబేరం నోటిమాట మీదే నడుస్తుంది. కల్యాణమండపం మేనేజరు, వంటమేస్త్రి, డెకరేషన్ వాళ్లు, పురోహితుడు... వీళ్లే మన ప్రచారకులు. చెప్పిన రోజుకి ఆల్బమ్ ఇస్తే ఆ ఇంట్లో ఓణీల ఫంక్షనూ మనదే, గృహప్రవేశమూ మనదే. ఆలస్యమైతే ఆ కబురూ చుట్టాలందరికీ చేరుతుంది.

మాఘంలో తిండికి తీరికుండదు. ఆషాఢం, మూఢం వస్తే ఫోన్ మోగదు. కానీ పెడన కలంకారీకీ, బందరు రోల్డ్‌గోల్డ్‌కీ, మంగళగిరి చీరలకీ, కొండపల్లి బొమ్మలకీ మూఢంతో పనిలేదు. ఫోన్లో సరుకు అమ్ముకునేవాళ్లందరికీ మంచి ఫొటోలు కావాలి. నాలుగు నమూనా ఫొటోలు తీసి చూపిస్తే, నెలనెలా పని ఇచ్చేవాళ్లు దొరక్కపోరు.

ఇదంతా చెబితే కుర్రాడు కాసేపు ఆలోచించాడు. 'ఈ ఏటి నుంచైనా వేస్తాను బాబాయ్. లోన్ తర్వాత అడుగుతా' అన్నాడు. మొన్న ఆషాఢంలో పెడన బస్సెక్కుతూ కనిపించాడు. భుజాన అదే పాత కెమెరా.

మీ ఇంట్లోనూ సొంత పని మొదలుపెట్టిన పిల్లలుంటే, ఎంత వస్తోందని మాత్రమే అడక్కండి. ఎక్కడ రాస్తున్నావని కూడా అడగండి.