సీసా ఆలస్యమైతే గగ్గోలు - కూలి ఆలస్యమైతే?



సర్కారు షాపులో కోరిన బీరు దొరకడం లేదని మన రాష్ట్రంలో ఐదేళ్ళపాటు గగ్గోలు నడిచింది. టీవీల్లో చర్చలు, అసెంబ్లీలో రగడ, ఎన్నికల సభల్లో ఉపన్యాసాలు. అయిపోయిన ఆ సంగతి ఇవాళ మళ్ళీ ఎందుకు ఎత్తుతున్నామంటే, ఎవరి ఆలస్యానికి ఎంత విలువుందో అందులో కనపడుతుంది కాబట్టి.

2019 అక్టోబరు 1 నుంచి 2024 అక్టోబరు దాకా ఆంధ్రప్రదేశ్‌లో మద్యం షాపులు సర్కారే నడిపింది. పేరున్న బీర్లు, విదేశీ బీర్లు అరల మీద కరువయ్యాయి. ఎన్నడూ పేరు వినని సీసాలొచ్చి కూర్చున్నాయి. ఎందుకలా? ఒక సీసా అర మీదికి రావాలంటే కంపెనీ ముందు ఎక్సైజు శాఖలో లేబులు రిజిస్టరు చేయించుకోవాలి. రేటు ఖాయం కావాలి. బెవరేజెస్ కార్పొరేషన్ ఆర్డరివ్వాలి. సరుకు డిపోకి చేరాలి, అక్కణ్ణించి షాపుకి పోవాలి. కంపెనీల దగ్గర కొనేది ఒక్కరే, సర్కారు. అక్కడ సంతకం ఆగితే సీసా ఆగుతుంది. ముడుపులిచ్చిన వాళ్ళకే ఆర్డర్లు దక్కాయన్న ఆరోపణ మీద 2025లో ప్రత్యేక దర్యాప్తు బృందం అరెస్టులు చేసింది. నిజమేదో తేల్చాల్సింది కోర్టు.

పక్కనున్న తెలంగాణ చూడండి. బకాయిలు చెల్లించలేదు, రేటు పెంచలేదు అని కింగ్‌ఫిషర్ బీరు తయారుచేసే కంపెనీ 2025 జనవరి 8న సరఫరా ఆపేసింది. మంత్రి మాట్లాడాడు, ముఖ్యమంత్రి మాట్లాడాడు. రెండు వారాలు తిరక్కముందే బీరు లారీలు కదిలాయి. ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెంచారు. కంపెనీ అలిగితే సర్కారు ఎంత తొందరగా దిగొస్తుందో చూశారా!

ఇప్పుడు మన లెక్క చూద్దాం.

కోడూరు మండలం దివిసీమ అంచున ఉంది. కృష్ణా కాలువలకి శివారు. పైవాళ్ళ పొలాలు తడిశాకే మన తూముకి నీళ్ళు. 1977 ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న సీమ ఇది. ఆలస్యమంటే ఏమిటో మనకెవరూ నేర్పనక్కర్లేదు. ఉపాధి హామీ చట్టం 2005లో చేశారు. చేసిన పనికి వారానికోసారి కూలివ్వాలి, ఎంత ఆలస్యమైనా పక్షం రోజులు దాటకూడదు అని అందులో రాశారు. ఈ పత్రిక మీ చేతికొచ్చే గడువెంతో ఆ కూలి గడువూ అంతే. మస్టరు మూశాక ఎన్ని పక్షాలు బ్యాంకు చుట్టూ తిరిగామో మన అక్కల్ని అడగండి. ఆ బకాయి మీద ఏ టీవీ చర్చ పెట్టింది? ఏ మంత్రి పరిగెత్తుకొచ్చాడు? కంపెనీ సరుకు ఆపగలదు. మన చెమట ముందే కాలవగట్టు మీద ఆరిపోయింది, దాన్ని వెనక్కి తీసుకోలేం. అదీ తేడా.

మేం బీరు తాగేవాళ్ళని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఏ బ్రాండు కావాలన్నది వాళ్ళ గోల. మన గోల వేరు. పట్నం బాబుకి సీసా ఆలస్యమైతే నోరు చేదు. మనవాడికి ఆ సీసానే ప్రాణం మీదికొస్తుంది. 2020 మేలో మద్యం ధరలు రెండు రోజుల్లో 75 శాతం పెంచారు. ధర పెంచితే తాగుడు తగ్గుతుందన్నారు. ఆ జూలై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో, కరోనా కట్టడితో షాపులు మూసి ఉన్న రోజుల్లో, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. బిచ్చమెత్తుకునేవాళ్ళు, రెక్కాడితే డొక్కాడేవాళ్ళు. వాళ్ళు ఏ బ్రాండు అడిగారు?

దశలవారీ నిషేధం తెస్తామని 2019లో ఓట్లడిగారు. అదే సర్కారు హయాంలో 2022లో బెవరేజెస్ కార్పొరేషన్ బాండ్లమ్మి ఎనిమిది వేల కోట్లకి పైగా అప్పు తెచ్చింది. ఆ అప్పు తీరేది మందు రాబడితోనే. అంటే రేపు మనవాళ్ళు తాగబోయే తాగుడు ఇవాళే తాకట్టు పెట్టారు. 2024లో ఇంకో పార్టీ వచ్చి నాణ్యమైన మద్యం చౌకగా ఇస్తామంది, షాపులు ప్రైవేటుకిచ్చింది, క్వార్టరు 99 రూపాయలంది. ఒకరు ధర పెంచి మన జేబు కొట్టారు, ఒకరు ధర దించి కొడుతున్నారు. సర్కారు షాపుల్లో ఔట్‌సోర్సింగు మీద సేల్స్‌మెన్లుగా చేరిన చదువుకున్న కుర్రాళ్ళు షాపులతోపాటే రోడ్డున పడ్డారు. వాళ్ళ మాట ఎత్తినవాళ్ళు ఎంతమంది?

బాబాసాహెబ్ అధ్యక్షతన ముసాయిదా రాసుకున్న రాజ్యాంగంలో 47వ అధికరణం ఉంది. జనానికి పుష్టికరమైన తిండి, ఆరోగ్యం పెంచడం, మత్తుపానీయాల వాడకాన్ని మాన్పించే ప్రయత్నం చేయడం, ఈ రెండింటినీ అందులో ఒక్కచోటే పెట్టారు. పాలకులు ఆ రెండింటినీ విడదీశారు. తిండికి గడువు లేదు, మందుకి సెలవు లేదు.

ఇది మారదని ఎవరన్నారు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న కూలి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ఖజానా పేరు చెప్పి దాన్ని ఎత్తేశారు. 2014 జూన్ 8న బెల్టు షాపుల రద్దు ఫైలు మీద ముఖ్యమంత్రి సంతకం పెట్టాడు. సంతకం అయితే పడింది. బెల్టు షాపు మాత్రం పేట మలుపులో పొద్దుగూకే వేళకి తెరుచుకుంటూనే వచ్చింది. సంతకాన్ని నమ్ముకుంటే మోసపోతాం. చీపురు పట్టి నిలబడ్డ రోజే గెలిచాం.

మనలో మనం ఒక మాట అనుకోవాలి. సభలో జై భీమ్ అని, చీకటి పడగానే ఆడదాని కూలి డబ్బులు లాక్కుని షాపుకి పోయేవాడు కూడా మన పేటలోనే ఉన్నాడు. వాణ్ణి వెనకేసుకొచ్చి సర్కారుని నిలదీయలేం.

అందుకని కార్యకర్తలకి ఒక పని చెపుతున్నాం. ప్రతి పల్లెలో, ప్రతి గూడెంలో ఒక తేదీల పుస్తకం పెట్టండి. పని అయిపోయిన తేదీ, కూలి పడిన తేదీ. కాలవ వదిలిన తేదీ, మన తూముకి నీళ్ళు చేరిన తేదీ. పిల్లల స్కాలర్‌షిప్పు రావాల్సిన తేదీ, వచ్చిన తేదీ. బెల్టు షాపు మూయించిన తేదీ, మళ్ళీ తెరుచుకున్న తేదీ. బళ్ళో చదివే ఆడపిల్ల చేత రాయించండి. పక్షానికోసారి పేటలో అందరి ముందూ చదివించండి. గ్రామసభలో అధికారి ఎదురుగా చదివించండి. పుస్తకం నకలు మాకు పంపండి, ఈ పేజీల్లో అచ్చేస్తాం.

అర మీద బీరు లేదని సర్కారుని కదిలించారు వాళ్ళు. కుండలో బియ్యం లేవని మనం కదిలించలేమా?

జై భీమ్!