పోరడు చెడితే తల్లినే తిడుతరా?

గోదావరిఖని నుంచి బెల్లంపల్లి దాకా, కరీంనగర్ నుంచి ఆసిఫాబాద్ దాకా మన వాడల్ల ఒకటే మాట: "పదోతరగతి పోరడు గంజాయికి మరిగిండు, తల్లి పెంపకం మంచిగ లేదు." ఊరి పెద్దలు అంటే అన్నరు, మనోళ్లు కూడ అనవట్టిరి. మేం ఒప్పుకోం.

పెంపకం ఒక్క తల్లి పనేనా? కైకిలికి పోయేది ఆమె, బీడీలు చుట్టేది ఆమె, సంఘం కిస్తు కట్టేది ఆమె. మరి తండ్రి? దుబాయి, మస్కట్ పోయి రెండేండ్లకోసారి ఇంటి మొఖం చూసే బతుకు కొందరిది. గుంటెడు భూమి లేని కులాలకు అది ఎంచుకున్న బతుకు కాదు, వాళ్లను మేం తప్పుపట్టం. కాని ఇంట్లనే ఉన్న తండ్రుల సంగతేంది? మాపటికి కొడుకు చేతుల పైసలు పెట్టి బెల్టుషాపుకు తోలేది ఎవరు? 2015 బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ చూడుండ్రి. పిల్లలతోని సారా, మత్తుమందులు మోయిస్తే ఏడేండ్ల దాకా జైలు. గంజాయి అమ్మేటోనికే కాదు, ఆ సెక్షన్ మన గడపలకు కూడ తగిలేదే.

ఆ తండ్రే రేపు కొడుకు జేబుల పొట్లం దొరికితే కట్టె అందుకుంటడు. తన్నులు తిన్న పోరడు ఎవరి దగ్గరికి పోతడు? పొట్లం ఇచ్చినోని దగ్గరికే. తల్లేమో పరువు పోతదని కొంగు చాటున దాస్తది. ఏడాది అట్లనే గడుస్తది.

2015ల కల్తీ కల్లు మీద సర్కారు దాడులు చేసినప్పుడు ఏమైంది? అల్ప్రాజోలం కలిపిన కల్లు ఒక్కసారే బందయ్యే సరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ దవాఖాన్లు ఫిట్లు వచ్చినోళ్లతోని నిండినయి. వాళ్లకు మందులిచ్చిన్రు, కట్టెతో కొట్టలే. పెద్దోళ్ల మత్తు రోగమైతే పోరని మత్తు పాపమెట్లయితది?

పోలీసు కేసు భయం ఉంటది, నిజమే. దళిత వాడ పోరడంటే ఆ భయం రెండింతలు. అయితే 1985 మత్తుమందుల చట్టంల 64ఎ సెక్షన్ ఉన్నది. కొద్దిపాటి సరుకుతో దొరికినోడు తానుగ సర్కారు దవాఖానకో, సర్కారు గుర్తించిన కేంద్రానికో పోయి వైద్యం పూర్తి చేసుకుంటే విచారణ ఉండదు. నడుమల మానేస్తే ఆ రక్షణ తీసెయ్యొచ్చు. ఈ ముచ్చట ఠాణాల ఎవరు చెప్తరు? మన సంఘాలే చెప్పాలె. 14446కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేదు.

వాడల మీటింగు పెట్టినప్పుడు తల్లులను ముందు మాట్లాడనియ్యాలె. తండ్రులు తాగకుండ వచ్చి కూసోవాలె.