క్రిస్మస్ తాత సంచి వెనుక చేతులు

హాస్టల్ పిల్లలకు కథల పుస్తకాలు ఎందుకు అన్న మాట మనం తరచు వింటూ ఉంటాము. గైడ్లు చదవండి, జనరల్ నాలెడ్జి చదవండి, మాయలూ మంత్రాలూ చదివితే మార్కులు వస్తాయా అని పెద్దలు అడుగుతారు. వారి ఆరాటం మాకు తెలుసు. కూలికి వెళ్ళి పిల్లల్ని చదివించే తల్లిదండ్రులకు మన ప్రతి గంటా విలువైనదే. అయినా ఈ వార్షికోత్సవ సంచికలో మా అభిప్రాయం వినయంగా చెప్పదలచుకున్నాము. మాయాలోకపు నవలలు మనకూ కావాలి. అయితే వాటిని మన కళ్ళతో చదవాలి.

అసలు మన పిఠాపురమే ఒక అద్భుత కథ మీద నిలిచిన ఊరు. గయాసురుని తల గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు ఇక్కడి పాదగయలో ఉన్నాయని స్థలపురాణం చెబుతుంది. తెల్లవారకముందే శివుడు కోడిలా కూశాడన్నది కుక్కుటేశ్వరుని కథ. 1947 జూలైలో మొదలైన చందమామ తెలుగు పిల్లలకు ఇంటింటా మాయాద్వీపాలు చూపించింది. దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' వంటి సీరియళ్ళ కోసం పిల్లలు నెలంతా ఎదురుచూసేవారు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' సినిమాలో తోటరాముడు తోటమాలి కొడుకు. ఆ తోటమాలి కొడుకు రాజకుమారిని పెళ్ళాడాడు. ఊళ్ళో జరగనిది ముందు కథలో జరిగింది. జరగవచ్చునని ఊహించడమే మార్పుకు మొదటి మెట్టు.

ఇక క్రిస్మస్ సంగతి. 1874లో కెనడా బాప్టిస్టు మిషనరీలు కాకినాడ కేంద్రంగా పని మొదలుపెట్టారు. తరువాతి కాలంలో ఈ ప్రాంతపు పేటల్లో క్రిస్మస్ మన ఇంటి పండుగ అయింది. డిసెంబరు వస్తే గుమ్మాల మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి, ఎర్ర బట్టల క్రిస్మస్ తాత చాక్లెట్లు పంచుతాడు. ఆ తాతకు మూలపురుషుడు నాలుగో శతాబ్దంలో, నేటి టర్కీ ప్రాంతంలోని మైరా పట్టణంలో బిషప్‌గా ఉన్న సెయింట్ నికోలస్. ఉత్తర ధ్రువం, అక్కడి బొమ్మల కార్ఖానా, అందులో రాత్రింబవళ్ళు పనిచేసే ఎల్ఫులు అనే పొట్టి మాయమనుషులు, ఇవన్నీ 19వ శతాబ్దంలో రచయితలు, చిత్రకారులు అల్లుకుంటూ వచ్చినవి.

ఈ రహస్యలోకం గురించి ఎల్. ఫ్రాంక్ బామ్ అనే అమెరికా రచయిత 1902లో ఒక నవల రాశాడు. పేరు 'ది లైఫ్ అండ్ అడ్వెంచర్స్ ఆఫ్ శాంటా క్లాజ్'. అందులో క్లాజ్ అడవిలో దొరికిన అనాథ పసివాడు. వనదేవత పెంచుతుంది. పెద్దయ్యాక మనుషుల పిల్లల కష్టాలు చూసి, వారి మధ్యనే ఉండాలని అడవి విడిచి వస్తాడు. ఒక చెక్కముక్కను పిల్లిగా చెక్కి ఒక పిల్లవాడికి ఇస్తాడు. అదే మొదటి బొమ్మ. ఒక ప్రభువు కూతురు వచ్చి తనకూ బొమ్మ కావాలంటే, బొమ్మలు పేద పిల్లలకే కదా అని క్లాజ్ సందేహపడతాడు. పిల్లలందరూ పిల్లలే, అందరికీ ఇవ్వమని అడవి పెద్ద చెబుతాడు. అనాథగా పెరిగినవాడు లోకానికి కానుకలిచ్చేవాడు కావడం మనలాంటి వారికి ధైర్యమిచ్చే మాట. ఇలాంటి పుస్తకం చదివితే కాలం వృథా అని ఎలా అనగలము?

అయితే మనం అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ప్రచారంలో ఉన్న క్రిస్మస్ తాత కథల్లో పేరు తాతది, పని ఎల్ఫులది. వాళ్ళకు కూలి ఎంత? సెలవు ఎప్పుడు? వాళ్ళ పేర్లేమిటి? చాలా కథలు ఇవేవీ చెప్పవు. 1812లో జర్మనీలో గ్రిమ్ సోదరులు అచ్చువేసిన ఒక కథలో పేద చెప్పులు కుట్టేవాడికి ఇద్దరు బుల్లి మనుషులు రాత్రిపూట వచ్చి బూట్లు కుట్టి వెళతారు. వాళ్ళ ఒంటి మీద బట్ట లేదని అతనూ భార్యా చాటుగా చూసి, చిన్న చిన్న బట్టలూ బూట్లూ కుట్టి పెడతారు. అవి తొడుక్కుని గంతులేస్తూ వెళ్ళిపోయి వాళ్ళు మళ్ళీ రారు.

ఈ కథ మనకు ఎవరూ వివరించనక్కరలేదు. ఊరందరికీ చెప్పులు కుట్టిన మన తాతలు, ఆ చెప్పులు తొడుక్కుని ఊరి వీధిలో నడవడానికి వీల్లేని రోజులు ఎన్నో ఊళ్ళలో ఉండేవి. వాళ్ళు మాయమనుషులు కారు. చూడదలచుకోని వారికి మాత్రమే కనబడలేదు.

మిత్రులారా, మన హాస్టల్‌లోనూ ఇదే ప్రశ్న వేసుకుందాం. మనం నిద్ర లేవకముందే పొయ్యి వెలిగించే కుక్ గారు, గిన్నెలు తోమి గదులు ఊడ్చే కామాటి గారు, రాత్రంతా గేటు దగ్గర మేలుకుని ఉండే వాచ్‌మన్ గారు మనకు ఎల్ఫులు కాకూడదు. వాళ్ళను పేరుతో, వరసతో పలకరించాలి. తిన్న కంచం మనమే కడుక్కోవాలి.

మరొక మాట. క్రిస్మస్ తాత బుద్ధిగా ఉన్న పిల్లలకే కానుక ఇస్తాడట. మనకు అందే అన్నం, పుస్తకాలు, దుప్పటి కానుకలు కావు. షెడ్యూల్డ్ కులాల, తెగల విద్యాభివృద్ధికి ప్రత్యేక శ్రద్ధ వహించాలని రాజ్యాంగం 46వ అధికరణం ప్రభుత్వానికి నిర్దేశించింది. పొలాల్లో, మిల్లుల్లో పనిచేసేవారి చెమట కూడా ఈ అన్నంలో ఉంది. కనుక దీనిని దయగా కాక హక్కుగా తీసుకుందాం. బాధ్యతగా చదువుకుందాం.

ప్రతి హాస్టల్‌లోనూ గైడ్ల పక్కన ఒక అర కథల పుస్తకాలకు కేటాయించాలని పెద్దలను కోరుతున్నాము. అలాగే మనలో ఎవరో ఒకరు రేపు తెలుగులో ఒక మాయాలోకపు నవల రాయాలి. అందులో రహస్యలోకం ఉత్తర ధ్రువంలో ఉండనక్కరలేదు. ఏలేరు కాలువ గట్టున ఉండవచ్చు. అందులో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఒక పేరు ఉండాలి.