చప్పుడు చేసేది టాపా, నేనా?

మగవాళ్ళ చెవులు వేరు, ఆడవాళ్ళ చెవులు వేరు అని నేననను. కానీ వినదల్చుకున్న చెవికీ, వినదల్చుకోని చెవికీ చాలా తేడా ఉంది. ఈ సత్యం నాకు ఏ గురువూ చెప్పలేదు. మా జీపు చెప్పింది.

మాది తిరుపతి. దామలచెరువు దగ్గర మావారికి వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చిన చిన్న మామిడితోట ఉంది. ఆ తోట పేరు చెప్పి ఒక పాత జీపు కొన్నారు. దానికి ఊడదీసి పెట్టుకునే ఫైబరు టాపు. కాయలకాలంలో బోల్టులు విప్పి, నలుగురు పట్టి, టాపును దించి పెరటిగోడకు ఆనించేస్తారు. వెనకాల క్రేట్లు పెట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. కాయలయ్యాక, వానలకు ముందు, మళ్ళీ ఎక్కిస్తారు. వినడానికి బాగానే ఉంది కదూ? ఎక్కించిన మర్నాటి నుంచీ మొదలవుతుంది కచేరీ. గతుకు వస్తే టకటక. మలుపు తిరిగితే కిర్రు.

"ఏమండీ, వెనకాల కుడిపక్క ఏదో కొట్టుకుంటోంది," అన్నాను.

"జీపన్నాక చప్పుడు చెయ్యదా?" అన్నారు. అని పాట సౌండు కొంచెం పెంచారు.

వారం తరవాత మళ్ళీ అన్నాను. మళ్ళీ కొంచెం పెంచారు. మూడోసారి నన్ను మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళారు, జీపుకి వైద్యం కోసమో, నా అనుమానానికి వైద్యం కోసమో తెలీదు. అతను బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఓపెన్ బండి కదక్కా, ఈ మాత్రం సద్దు ఉంటాది. మీరేం దిగులు పెట్టుకోవద్దండి," అన్నాడు. అని నా తృప్తి కోసం స్పానరుతో అన్ని బోల్టులనూ ఒక్కో పట్టు బిగించాడు.

మా అత్తగారు ఒక్కరే నా పక్షం. "నాకూ వినిపిస్తా ఉండాది కదమ్మా," అన్నారు. వినిపించదూ మరి! ముందు కూర్చున్నవాళ్ళకి ఇంజను చప్పుడు, వెనక కూర్చున్నవాళ్ళకి టాపు చప్పుడు. మా ఇంట్లో వెనక సీటు ఎవరిదో మీకు వేరే చెప్పాలా?

పోయిన కార్తీకమాసంలో అత్తగారి మొక్కు తీర్చడానికి కొండకు వెళ్ళాం. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు మీద ఎక్కి, దర్శనం చేసుకుని, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీద దిగుతున్నాం. ఒక మలుపులో 'ఠక్' మంది. ఆ తరవాత ఇన్ని నెలలూ వినిపించిన టకటక ఒక్కసారిగా ఆగిపోయింది. "చూశావా, అదే సర్దుకుంది!" అని మావారు అంటుండగానే, టాపు కుడిమూల నాలుగు వేళ్ళ ఎత్తు పైకి లేచింది. సన్నజల్లు లోపలికి కొట్టింది. అప్పుడే తలనీలాలిచ్చి వచ్చిన అత్తగారి గుండు మీద చినుకులు టపటపా పడ్డాయి.

వెడల్పుగా ఉన్నచోట బండి ఆపి చూస్తే, ఆ మూల బోల్టుకి నట్టు లేదు. బోల్టు పట్టిన కన్నం అరిగి అరిగి గోలీకాయంత అయింది. దర్శనానికి కట్టుకున్న పట్టుపంచె విప్పి, పాంటు తొడుక్కుని, ఆ పంచెతోనే టాపును కట్టి, అలిపిరి దాకా మెల్లగా దించుకొచ్చారు మావారు. నవ్వొచ్చే సంగతే. కానీ ఆ మలుపులో మా వెనకాలే ఒక కుర్రజంట మోటారుసైకిలు మీద వస్తోంది. టాపు ఊడి వాళ్ళ మీద పడి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే అడుగుతున్నాను. "బండన్నాక చప్పుడు చెయ్యదా" అనే మాట ఎవరు కనిపెట్టారు? కుక్కరు పక్కలనుంచి ఆవిరి కారుతుంటే, "కుక్కరన్నాక కారదా" అని మనం సరిపెట్టుకుంటామా? గాస్కెట్టు గట్టిపడిందేమో చూస్తాం, కడుగుతాం, పనికిరాకపోతే మారుస్తాం. వంటింట్లో మనకున్న ఈపాటి జ్ఞానం షెడ్డులోకి వచ్చేసరికి "ఆడవాళ్ళ అనుమానం" ఎందుకవుతుంది?

ఆ తరవాత నేనే ఇంకో మేస్త్రీని వెతికి పట్టుకున్నాను. పెద్దాయన. ఆయన మొదట అడిగిన ప్రశ్న, "ఏ సద్దమ్మా? టకటకా, కిర్రుమనేదా?" ప్రాణం లేచొచ్చింది! రెండూ ఒకటి కాదు. టకటక అంటే మధ్యలో సందుండి రెండు గట్టి వస్తువులు కొట్టుకుంటున్నాయన్నమాట. కిర్రు అంటే సందు లేక, ఒకదాన్నొకటి పట్టి వదులుతూ ఒరుసుకుంటున్నాయన్నమాట. మొదటిదానికి సందు పూడ్చాలి, వదులు బిగించాలి. రెండోదానికి జారుడు కావాలి. ఈ తేడా తెలియకుండా అన్నిటికీ స్పానరే మందు అంటే, జ్వరానికీ జలుబుకీ ఒకటే మాత్ర మింగినట్టు. పైగా ఫైబరు ఇనుము కాదు. అతిగా బిగిస్తే కన్నం చుట్టూ సాలెగూడులా పగుళ్ళు వస్తాయి. మా టాపుకు వచ్చాయి కూడా. ఒక్కో పట్టు బిగించిన పుణ్యం అది!

అసలీ గొడవ ఎందుకొస్తుందో కూడా ఆయనే చెప్పాడు. మూతలేని అట్టపెట్టెను రెండు చేతులతో మెలిపెట్టి చూడండి, తేలిగ్గా మెలితిరుగుతుంది. మూత వేసి తాడు కట్టి మెలిపెట్టండి, మొరాయిస్తుంది. టాపు లేకుండా తయారైన బండీ అంతే. ఒక చక్రం గుంతలో పడితే ఒళ్ళు కొంచెం మెలితిరుగుతుంది. పైన బిగించిన టాపు తిరగనంటుంది. ఇద్దరికీ మధ్య నలిగేది రబ్బరు బీడింగు. మన తిరుపతి ఎండకు ఆ రబ్బరు ఎండి గట్టిపడితే, కిర్రుమనక ఏం చేస్తుంది? ఇది పాత జీపుల తలరాత మాత్రమే కాదు. 1963లో వచ్చిన మెర్సిడెస్ 230 ఎస్.ఎల్. కారుకీ, 1989లో వచ్చిన జపాను మాజ్డా ఎమ్.ఎక్స్-5కీ ఊడదీసే గట్టి టాపులున్నాయి. ఎంత ఖరీదు కారైనా, టాపుకీ ఒంటికీ మధ్య ఉండేది రబ్బరే.

ఇక ఆయన చేసిన పని చెబుతాను, మీ ఇంట్లో ఇలాంటి బండి ఉంటే పనికొస్తుంది. ముందు జాకీ, స్పానర్లు, సీటు కింద పారేసిన చిల్లర సామానంతా దింపించాడు. సగం చప్పుళ్ళు టాపువి కానేకావట. తరవాత గతుకుల సందులో బండి మెల్లగా నడిపిస్తూ, నన్ను వెనక కూర్చోబెట్టి, ఒక్కో మూల అరచేత్తో అదిమి చూడమన్నాడు. ఎక్కడ అదిమితే చప్పుడు ఆగుతుందో, జబ్బు అక్కడ. టాపు దించి, బీడింగును సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక సిలికాన్ గ్రీజు పలచగా రాశాడు. ఇంజనాయిలు గానీ మామూలు గ్రీజు గానీ రాస్తే రబ్బరు ఉబ్బి చెడుతుందన్నాడు. అంతకు ముందేడు మావారు రాసింది సరిగ్గా అదే.

తరవాత బీడింగు మీద నా పౌడరు డబ్బాలోంచి కాస్త చల్లి, టాపు పెట్టి, మళ్ళీ తీశాడు. పౌడరు అంటినచోట టాపు ఆనుతోంది. అంటనిచోట సందుంది. గోడకు ఆనించి పెట్టడంవల్ల కుడిపక్క ఒంగిపోయిందట! బండి మీద ఎలా కూర్చుంటుందో అలాగే, అంచులకు సమంగా దన్ను ఇచ్చి, నీడలో పెట్టాలట. ఆ సందులో కొత్త రబ్బరు పట్టీ వేశాడు. అరిగిన కన్నాన్నీ, పగుళ్ళనూ ఫైబరు పనివాడి చేత పూడ్పించి, వెడల్పు వాషర్లు వేసి, బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పి, ఆ తరవాత ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించాడు. చీర కుచ్చిళ్ళన్నీ సరిచేసుకున్నాకే కదా దోపుకుంటాం? ఒక్క కుచ్చి దోపేసి మిగతావి సర్దుతామా?

ఇప్పుడు మా జీపు పూర్తిగా మౌనవ్రతం పట్టిందని అనను. జీపు జీపే. గతుకులో ఒక మూలుగు మూలుగుతుంది. పాత చప్పుడుతో నాకు పేచీ లేదు. నిన్న లేనిది ఇవాళ వచ్చిందంటే మాత్రం అది సంగీతం కాదు, కబురు. కబురు తెచ్చినవాళ్ళని అనుమానం మనుషులనడం, కబురు వినపడకుండా పాట పెంచడం, ఈ రెండూ మానండి అనే నేను మొత్తుకునేది. ఆ పని బండి దగ్గర మానితే, ఇంట్లో కూడా కొన్ని సంగతులు వాటంతటవే చక్కబడతాయని నాకో ఆశ.

మొన్న దామలచెరువు నుంచి వస్తుంటే మావారు తనంతట తానే పాట ఆపేశారు. "ఏమోయ్, ఏదైనా వినిపిస్తోందా?" అని అడిగారు.

ఏమీ వినిపించడం లేదు. అయినా వెంటనే చెప్పలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి అడిగారు కదా, చంద్రగిరి దాటేదాకా చెవి రిక్కించి వింటూ కూర్చున్నాను.